పీమ్: కర్రు పదునుకు కట్టిన వెల



బైబిలు పాత నిబంధనను హెబ్రీ మూలంలో చదివేవాళ్లకు ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. అంత పెద్ద గ్రంథంలో ఒకే ఒక్కసారి కనబడి మళ్లీ ఎక్కడా రాని మాటలు వందల్లో ఉన్నాయి. పక్షుల పేర్లు, చెట్ల పేర్లు, నగల పేర్లు, పనిముట్ల పేర్లు. రెండోచోట వస్తే పోల్చి చూసుకోవచ్చు. రానప్పుడు పండితులు ఊహించాల్సిందే. అలాంటి మాటల్లో ఒకదాని గురించి ఈ పూట చెప్పుకుందాం. ఆ మాట పీమ్. హెబ్రీలో మూడే అక్షరాలు: పే, యోద్, మేమ్.

దీనికి అర్థం తేలడానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. తేల్చింది నిఘంటువు కాదు, భూమిలోంచి బయటపడ్డ తూకపు రాయి. మడక కర్రు, కమ్మరి కొలిమి, కంసాలి త్రాసు ఎరిగిన వాళ్లకు ఈ మాట చప్పున అంటుతుంది. జమ్మలమడుగు రేగడి చేలు, పులివెందుల మెట్ట చేలు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు ఎరిగిన మీకు నేను విడమరిచి చెప్పాల్సింది తక్కువే.

ముందు సందర్భం. సమూయేలు మొదటి గ్రంథం, 13వ అధ్యాయం. ఇశ్రాయేలుకు సౌలు కొత్తగా రాజయ్యాడు. పడమటి సముద్ర తీర ప్రాంతంలో గాజా, అష్కెలోను, అష్డోదు, ఎక్రోను, గాతు అనే అయిదు పట్టణాలు ఫిలిష్తీయులవి. కొండ సీమలో సేద్యం చేసుకునే ఇశ్రాయేలీయుల మీద పెత్తనం వాళ్లది. ఇశ్రాయేలు దేశమంతా వెతికినా ఒక్క కమ్మరి లేడని ఆ అధ్యాయం చెబుతుంది. కమ్మరి ఉంటే కత్తులు, ఈటెలు చేసుకుంటారని ఫిలిష్తీయుల భయం. అందుకని రైతు అన్నవాడు ప్రతివాడూ నాగటి నక్కుకు, పారకు, గొడ్డలికి పదును కావాలంటే కొండ దిగి శత్రువు కొలిమికే పోవాలి. యుద్ధం వచ్చిన రోజున సౌలు వెంట నిలిచింది సుమారు 600 మంది. వాళ్లలో ఒక్కరి చేతిలోనూ కత్తి లేదు, ఈటె లేదు. ఆయుధం ఉన్నది సౌలుకు, ఆయన కొడుకు యోనాతానుకు మాత్రమే.

ఈ వృత్తాంతం నడుమ, 21వ వచనంలో, మన మాట ఉంది. అక్కడ పక్కపక్కనే రెండు అరుదైన మాటలు వస్తాయి. మొదటిది పెత్సీరా, రెండోది పీమ్. రెండూ మరెక్కడా కనబడవు. ఒక తెలియని మాటకు ఇంకో తెలియని మాట తోడైతే అనువాదకుడి గతి ఏమిటో చూడండి.

క్రీస్తుకు పూర్వమే హెబ్రీ గ్రంథాన్ని గ్రీకులోకి మార్చినవాళ్లు మొదటి మాటను పంటకోత అనుకున్నారు. కోతకు చేను సిద్ధంగా ఉందని రాసి, పనిముట్ల ధర గురించి మరేదో అతికించారు. క్రీస్తు శకం 400 ప్రాంతంలో లాటిన్‌లోకి తెచ్చిన జెరోము, పనిముట్ల అంచులు మొద్దుబారాయని అర్థం చేసుకున్నాడు. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి దాన్ని ఆకురాయి అన్నాడు. ఈ మూడో ఊహకు ఒక ఆధారం ఉంది. హెబ్రీలో నోటిని పే అంటారు. కత్తి వాదరను కత్తి నోరు అనడం ఆ భాషలో వాడుక. కాబట్టి పీమ్ అంటే నోళ్లు, అంటే పదునైన అంచులు; అంచులు చాలా ఉన్న సాధనం ఆకురాయి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఈ అర్థాన్నే తీసుకుంది. మన తెలుగు బైబిల్లోనూ ఆ చోట ఆకురాళ్లే ఉన్నాయి. ఈ ఆదివారం ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో గుడికి వెళ్లేవాళ్లు ఆ వచనం తీసి చూడండి, కనబడుతుంది.

ఊహ తెలివైనదే. కానీ అర్థం తలకిందులైంది. వాళ్ల దగ్గర ఆకురాయి ఉంటే కర్రును ఇంటి దగ్గరే రాసుకోవచ్చు కదా! శత్రువు కొలిమి దాకా పోవాల్సి వచ్చిందని ముందు వచనం ఎందుకు మొత్తుకుంటున్నట్టు? ఆకురాయి అనగానే ఆ పేదవాళ్లకు కొంచెం ఊరట దొరికినట్టయింది. మూలంలో ఆ ఊరట లేదు.

ఇక రాయి సంగతి. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో పాలస్తీనా ప్రాంతంలో చిన్న చిన్న తూకపు రాళ్లు బయటపడసాగాయి. లాకీషు, గెజెరు, యెరూషలేము వంటి పాత పట్టణాల తవ్వకాల్లో అవి దొరికాయి. వాటిలో ఒక రకం రాయిని దగ్గరగా చూద్దాం. రేగిపండంత ఉంటుంది. అడుగు చదునుగా, పైభాగం గుండ్రంగా గుమ్మటంలా చెక్కి నున్నగా అరగదీశారు. రాయి సున్నపురాయి, మన ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే జాతిదే. గుమ్మటం మీద పాత హెబ్రీ లిపిలో మూడు అక్షరాలు గీసి ఉన్నాయి: పే, యోద్, మేమ్. అన్నీ అచ్చంగా ఒకే బరువు తూగవు కానీ, సగటున 7.8 గ్రాములు వస్తాయి. ఆ కాలపు షెకెలు తూకం సుమారు 11.4 గ్రాములు. అంటే పీమ్ అన్నది షెకెలులో మూడింట రెండు వంతులు. వచనంలోని మాట, రాతి మీద మాట ఒకటేనని పండితులు పోల్చుకున్నాక చిక్కుముడి విడిపోయింది. అక్కడ నోళ్లూ లేవు, ఆకురాయీ లేదు. ఉన్నది కూలి. నాగటి నక్కుకు, పారకు పదును పెడితే ఒక పీమ్. గొడ్డలికి పదును పెట్టినా, మునుకోలకు ములికి బిగించినా షెకెలులో మూడో వంతు. అది ఫిలిష్తీయుల కొలిమి ధరల పట్టిక. 1952లో వచ్చిన సవరించిన ఇంగ్లీషు బైబిలు పీమ్ అన్న మాటనే ఉంచి, కూలి అన్న అర్థాన్ని ఇచ్చింది. తర్వాతి అనువాదాలు చాలా వరకు ఆ దారినే నడిచాయి.

ఇక్కడ ప్రొద్దుటూరు బంగారు బజారు వాళ్లకు నచ్చే సంగతి ఒకటుంది. తెలుగు బైబిలు షెకెలును తులం అంది. యోసేపును అన్నలు అమ్మిన 20 తులాల వెండి మీకు గుర్తుండే ఉంటుంది. మెట్రిక్ కొలతలు రాకముందు మన కంసాలులు తూచిన తులం 11.66 గ్రాములు. షెకెలు 11.4. అనువాదకులు గుడ్డిగా పెట్టారో, లెక్కగట్టి పెట్టారో గానీ, తూకం దాదాపు సరిపోయింది. మరి పీమ్? ఇప్పుడు అంగట్లో సవర అంటే 8 గ్రాములు. పీమ్ రాయిని త్రాసులో ఒక పక్క, సవర బంగారాన్ని ఇంకో పక్క వేస్తే ముల్లు కొద్దిగా ఊగి నిలబడుతుంది. బంగారం కాదు సుమా, కర్రు పదునుకు అడిగింది ఆ తూకం వెండి.

అది ఎక్కువా, తక్కువా? బైబిల్లోనే లెక్క కట్టడానికి వీలుంది. న్యాయాధిపతుల గ్రంథం 17వ అధ్యాయంలో ఎఫ్రాయిము కొండసీమలోని మీకా అనే గృహస్థు ఒక లేవీయుణ్ణి పూజారిగా పెట్టుకుంటాడు. జీతం ఏడాదికి 10 తులాల వెండి, బట్టలు, తిండి. 10 తులాలంటే 15 పీమ్‌లు. అంటే తిండీ బట్టా పోను అతని చేతికొచ్చే ఏడాది జీతం మొత్తం 15 సార్లు కర్రు పదును పెట్టించుకుంటే అయిపోతుంది. ఒక్కో పదునుకు సుమారు 24 రోజుల జీతం. దుక్కి రోజుల్లో రాతి నేలలో కర్రు ఎంత త్వరగా మొండిబారుతుందో రైతుకు తెలుసు. ఆ ధరకు పదును పెట్టించుకుని పండించినవాడికి మిగిలేదేమిటి? పెట్టించకపోతే దుక్కి సాగదు. పెట్టిస్తే ఇల్లు గడవదు.

ఒక మాటకు అర్థం మరిచిపోతే ఇంతగా దారి తప్పుతామా అని మీకు అనిపించవచ్చు. మన మాటే తీసుకుందాం. అర్ధణా, అణా, బేడ, పావలా అని లెక్కించిన కాలం ఉంది. బేడ అంటే రెండణాలు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాక ఆ లెక్క మూలబడింది. ఇప్పుడు ఏ పాత కాగితంలోనో కమ్మరి కర్రు సాగగొట్టి బేడ తీసుకున్నాడని ఉందనుకోండి. నేటి పిల్లవాడు ఏమనుకుంటాడు? మన సీమలో బేడలంటే పప్పు. కందిబేడలు, శెనగబేడలు. కమ్మరి కూలి కింద పప్పు పట్టుకుపోయాడని అనుకుంటాడు. అర్థం కుదిరినట్టే ఉంటుంది, కానీ తప్పు. పీమ్ విషయంలో పెద్దపెద్ద పండితులకు జరిగిందీ అదే. ఆ తూకం వాడుకలోంచి పోయింది, పోలికున్న ఇంకో మాట దాని చోట్లోకి వచ్చి కూర్చుంది.

తూకం ఎప్పుడు పోయింది? దొరికిన రాళ్లలో చాలా భాగం క్రీస్తు పూర్వం 8, 7 శతాబ్దాల యూదా రాజ్యానివి. క్రీస్తు పూర్వం 586లో బబులోను సేనలు యెరూషలేమును కూల్చాయి. ఆ రాజ్యంతో పాటు దాని కొలతలూ పోయాయి. తర్వాతి కాలంలో నాణేలు వచ్చాయి. సౌలు కథ జరిగింది క్రీస్తు పూర్వం 11వ శతాబ్దం చివర అంటారు. ఆ కథను రాతలో పెట్టినవాడు తన రోజుల్లో అంగట్లో చెల్లే తూకంతోనే ధర చెప్పి ఉండాలి. పీమ్ అంటే ఏమిటో విడిగా వివరించలేదు, ఎందుకంటే చదివేవాళ్లకు తెలుసు. కాబట్టి ఆ వాక్యం రాజ్యం నిలిచి ఉన్న రోజులదేనని చెప్పడానికి ఈ ఒక్క మాట గట్టి సాక్ష్యం. రాజుల పేర్లను, యుద్ధాల కథలను తర్వాతి వాళ్లు విని రాయగలరు. కర్రు పదును ధర మాత్రం ఆ కాలంలో బతికినవాడికే నోటికి వస్తుంది.

ఇప్పుడు ఆ మాటకున్న బరువు చూద్దాం. ఒకప్పుడు మన ఊళ్లలో కమ్మరి ఎవరు? పన్నెండు మంది ఆయగాండ్లలో ఒకడు. వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలితో పాటు ఊరివాడు. ఏడాది పొడుగునా రైతు కర్రు తీసుకుని కొలిమికి పోయేవాడు. తిత్తి ఊది, బొగ్గుల్లో కర్రును ఎర్రగా కాల్చేవాడు కమ్మరి. పట్టకారుతో పట్టి దాకలి మీద పెట్టేవాడు. తను సుత్తితో చోటు చూపుతుంటే ఎదుటివాడు సమ్మెటతో వేసేవాడు. అరిగిన మొన సాగేది. తొట్టి నీళ్లలో ముంచితే బుస్సుమని ఆవిరి లేచి ఉక్కు బిగిసేది. అక్కడికక్కడ డబ్బు చేతులు మారేది కాదు. పంట కల్లానికి వచ్చాక కమ్మరికి మేర కొలిచేవారు. పంట పండితే అతనికీ గింజలు, ఎండితే అతనికీ పస్తు. ఆ పద్ధతిలో అన్యాయం లేదని నేను అనను. కులాల గీతలు ఉండేవి, కొలతలో కోతలు ఉండేవి. కానీ కర్రు కాల్చేవాడు ఊరివాడు, ఊరి మంచిచెడ్డలతో ముడిపడినవాడు.

పీమ్ కాలంలో ఈ బంధం లేదు. కొలిమి శత్రువుది. నీ చేను పండినా ఎండినా వాడికి పట్టదు. వెండి తూచి చేతిలో పెడితేనే పదును. పెట్టనంటే నువ్వు దున్నలేవు. వాడు కొలిమి మూసేస్తే ఆ ఏడు దేశమంతా బీడే. కత్తి చేయనివ్వకపోవడం ఒక ఎత్తు. దున్నుకునే ఇనుమును కూడా తన గుప్పిట్లో పెట్టుకుని, దాని మీద లాభం తీయడం ఇంకో ఎత్తు. ఒక జాతిని లొంగదీయడానికి రోజూ యుద్ధం చేయనక్కర్లేదు, కమ్మరిని తన దగ్గర పెట్టుకుంటే చాలు. 13వ అధ్యాయం చెప్పేది అదే. ఆ అణచివేతకు ఎంత వెల కట్టారో చెప్పే రసీదు పీమ్.

ఇంకొంచెం ముందుకు, అదే గ్రంథం 17వ అధ్యాయానికి రండి. గాతు పట్టణం నుంచి ఫిలిష్తీయుల యోధుడు గొల్యాతు వస్తాడు. అతని ఈటె కొన ఒక్కటే 600 తులాల ఇనుము. అంటే ఏడు కిలోలకు కొద్దిగా తక్కువ. సౌలు వెంట ఉన్న 600 మందిలో ఒక్కరికీ కత్తి లేదు. ఫిలిష్తీయుల దగ్గర ఒక్క ఈటె మొనలో 600 తులాల ఇనుము. పీమ్ లెక్క తెలిశాక గొల్యాతు ఆయుధాల జాబితా చదివితే ఆ ఇనుము వెనక ఎన్ని కర్రుల కూలి ఉందో అనిపిస్తుంది.

లోహం ఎవరి చేతిలో ఉంటే ఏలుబడి వారిదన్న సంగతి మన గడ్డకూ తెలుసు. జమ్మలమడుగుకు పక్కనే, పెన్నా లోయ అంచున గండికోట ఉంది. 17వ శతాబ్దం నడుమ గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్నాక మొదలుపెట్టిన పనుల్లో ఒకటి ఫిరంగుల పోత. 1652లో రత్నాల బేరానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియె ఆ సంగతి రాసిపెట్టాడు. పోత పనికి ఫ్రెంచి ఫిరంగి నిపుణుణ్ణి పెట్టుకున్నారు. కోట గెలిచినవాడికి గోడ ఒక్కటే చాలదు, కొలిమి కూడా కావాలి. ఫిలిష్తీయులు ఈ పాఠాన్ని అంతకు రెండున్నర వేల ఏళ్ల ముందే వంటబట్టించుకున్నారు.

తెలుగు అనువాదకుల గురించి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినట్టవుతుంది. తెలుగులో సువార్తలు మొదట అచ్చయింది 1812లో, శ్రీరాంపురంలో. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్ అనే మిషనరీ, ఆనందరాయరు అనే తెలుగు పండితుడు కలిసి చేసిన పని అది. తర్వాత పాత నిబంధన తెలుగులోకి రావడానికి, దాన్ని దిద్దడానికి దశాబ్దాలు పట్టింది. 1820లో ఉద్యోగానికి కడపకు వచ్చిన సి. పి. బ్రౌన్ కూడా బైబిలు తెలుగు అనువాదం మీద పనిచేసినవాడే. వీళ్లెవరి కాలంలోనూ పీమ్ రాయి బయటపడలేదు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు ఆసుపత్రి పెట్టిన 19వ శతాబ్దం చివరికి కూడా దాని జాడ లేదు. నేటికీ క్యాంబెల్ ఆసుపత్రి అని జనం పిలుచుకునే ఆ చోట ఇదే వచనం ఎన్నిసార్లు చదివి ఉంటారో! చదివిన ప్రతిసారీ ఆకురాయే వినబడి ఉంటుంది. అందుబాటులో ఉన్న జ్ఞానంతో వాళ్లు చేయగలిగింది చేశారు. పైగా నక్కు, పార, మునుకోల వంటి సేద్యపు మాటలను వెతికి పెట్టారు. ఆ మాటలు మన రైతుకు పరాయిగా అనిపించవు. తప్పు వాళ్లది కాదు. తెలిశాక కూడా దిద్దుకోకపోతే అది మన తప్పు అవుతుంది.

కాబట్టి నావి రెండు విన్నపాలు. సంఘాల్లో వాక్యం చెప్పే పెద్దలు, బైబిలు బడి నడిపే ఉపాధ్యాయులు 13వ అధ్యాయం 21వ వచనానికి వచ్చినప్పుడు అక్కడ ఆగి, అది ఆకురాయి కాదు, కొలిమి కూలి అని పిల్లలకు చెప్పండి. ఆ ధరను ఇప్పటి లెక్కలో కట్టి చూపండి. పేదవాడి పనిముట్టు మీద లాభం తీసిన ఏలుబడిని ఆ గ్రంథం ఎలా పట్టిచ్చిందో వాళ్లకు తెలియాలి.

రెండోది అందరికీ. మీ ఊళ్లో కొలిమి చల్లారిపోయి ఉండవచ్చు, కమ్మరి మాత్రం బతికే ఉండవచ్చు. పాత అంగడి సామాన్లలో రాతి గుండ్లు, ఇనుప పడికట్లు ఉండే ఉంటాయి. వీశె ఎంత, మణుగు ఎంత, బేడ ఎంత, కర్రు సాగగొట్టడానికి మేర ఎన్ని బళ్లు కొలిచేవారు అని ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. పక్కన తేదీ, ఊరి పేరు వేయండి. హెబ్రీ వాళ్ల మాటను కాపాడడానికి రాయి దొరికింది. మన మాటలకు మీరు రాసే కాగితమే దిక్కు.